ఎర్ర జోళ్ల మంత్రి

చిరంజీవికి,

నీ కథ అందింది. రేవులో ఓడలు ఆగే ఘట్టం బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. కాన్‌స్టాంటినోపుల్‌లో బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ కొలువులోకి నీ మంత్రి ఎర్ర జోళ్లు తొడుక్కుని, పాతకాలపు రోమన్ల పైవస్త్రం టోగా కప్పుకొని, చిరునవ్వుతో వచ్చాడు. ఎర్ర జోళ్లు చక్రవర్తివి నాయనా! 963లో సైన్యం నికెఫోరస్ ఫోకాస్‌ను చక్రవర్తిని చేసినప్పుడు అందుకు గుర్తుగా అతడు తొడుక్కున్నవి అవే. నీ మంత్రి నిండు కొలువులో తిరుగుబాటు చేస్తే ఒక్కడూ లేచి పట్టుకోడేం? ఇక టోగా. పదో శతాబ్దానికి దాని జాడ మిగిలింది లోరోస్‌లోనే. రత్నాలు పొదిగి ఒంటికి చుట్టుకునే ఆ పొడవాటి పట్టీ కూడా ఈస్టర్ లాంటి పండుగలకే బయటికొస్తుంది.

బట్ట గురించి రాసేముందు అది ఎవరిచ్చారో, ఎవరు లాక్కోగలరో తేల్చుకో. రంగూ జరీ ఆ తర్వాత. ఈ మాట సంపాదకుల చెవికెక్కదు. కుర్రతనంలో ఒక వారపత్రికకు డవాలీ బంట్రోతు కథ పంపాను. ఉద్యోగ విరమణ రోజున అతను డవాలీ విప్పి ఇస్తే, గుమాస్తా బిళ్ల ఊడలేదు కదా అని తిరగేసి చూసి రిజిస్టరులో రాసుకుంటాడు. సరిగ్గా ఆ పేరానే కోసేసి, ఆ చోట తలనూనె ప్రకటన వేశారు. అదే సంచికలో సీరియల్ రాజుగారి ‘ధగధగలాడే పట్టు పీతాంబరాల’కు కత్తెర పడలేదు!

నీ కథ జరిగే కాలానికే, 949లో, ఇటలీ నుంచి లియుట్‌ప్రాండ్ ఆ కొలువుకే దూతగా వెళ్లాడు. మట్టల ఆదివారానికి ముందు వారం జీతాల పంపిణీ కళ్లారా చూసి రాశాడు. బల్ల మీద బంగారు నాణేల సంచులు, వాటితోపాటు స్కారమాంగియాన్ అనే పట్టు అంగీలు. హోదా వరసన పిలుపు. మొదటి అధికారికి నాలుగు అంగీలు, సంచులు భుజానికెత్తుకున్నాడు. తర్వాత వచ్చిన సేనాపతి, నౌకాధిపతి మోయలేక ఈడ్చుకెళ్లారు. మాగిస్ట్రోస్ హోదా ఉన్న 24 మందికి తలా 24 పౌండ్ల బంగారం, రెండేసి అంగీలు. ఎలా ఉందని చక్రవర్తి అడిగిస్తే, నాకూ ఏమైనా దక్కితే బాగుండేది అన్నాడు దూత. చక్రవర్తి నవ్వి ఒక పెద్ద వస్త్రమూ, ఒక పౌండు బంగారమూ ఇప్పించాడు. ఇంత సరుకుండగా నువ్వు ‘ఆకర్షణీయమైన దుస్తులు’ అని రాసి దాటేశావు.

ఆ ఊళ్లోనే, ఒకప్పటి కోరా మఠంలో, తర్వాతి కాలపు మంత్రి థియోడోర్ మెటోకైటిస్ మొజాయిక్ (రంగు రాళ్ల ముక్కలు పొదిగిన) చిత్రం ఉంది. మోకరిల్లి క్రీస్తుకు గుడి నమూనా సమర్పిస్తున్నా, తల మీది చారల పెద్ద టోపీ మాత్రం తీయలేదు. 1328లో ఏలిక గద్దె దిగగానే ఆయన ఇల్లు దోచి, ఊరి నుంచి వెళ్లగొట్టారు. తర్వాత తిరిగొచ్చి, 1332లో ఆ మఠంలోనే సన్యాసి బట్టల్లో పోయాడు. రెండో కథ కావాలంటే ఇదిగో.

ప్రచురణకర్తల గురించి నువ్వడిగినవాటికి మరోసారి రాస్తాను. అన్నట్టు, పదకొండో పేజీలో పడకటింటి అధికారి నపుంసకుడన్నావు. పన్నెండో పేజీలో ఆయన గడ్డం దువ్వుకుంటున్నాడు.

ఆశీస్సులతో