అగ్నిపర్వతాల సినిమాలు తీస్తానంటున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పోయిన వేసవిలో అమెరికాలో మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి సైన్స్ మ్యూజియంలో గుమ్మటం లాంటి పెద్ద తెర మీద అగ్నిపర్వతాలు, భూకంపాల గురించి నలభై నిమిషాల డాక్యుమెంటరీ చూసింది. అప్పట్నుంచి ఇంజినీరింగ్ వద్దు, అలాంటి సినిమాలే తీస్తానంటోంది. మార్కులు బాగానే వస్తాయి. వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. దీనికి కోర్సు ఏమైనా ఉందా? ఉన్నా అది తిండి పెడుతుందా?

జవాబు: ఆ పేరుతో కోర్సు లేదండి. "అగ్నిపర్వతాల సినిమాలు తీయడానికి మనుషులు కావలెను" అని ప్రకటన కూడా ఎక్కడా పడదు. అయినా ఆ సినిమాలు వస్తూనే ఉన్నాయి, ఎవరో ఒకరు తీస్తూనే ఉన్నారు. వాళ్లంతా ఏ దారిన వచ్చారో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది, కాబట్టి ముందు అది చెప్పి తర్వాత కాలేజీల సంగతికి వస్తాను.

మీ అమ్మాయి చూసినలాంటి పెద్ద తెరని ఐమాక్స్ అంటారు. ఒకప్పుడు ఐమాక్స్ అంటే మనకి హైదరాబాద్‌లో ప్రసాద్స్, అందులో పెద్ద హీరో సినిమా మొదటి ఆట, అంతే కదా. కానీ ఆ పెద్ద తెర మొదలైంది 1970లో జపాన్‌లోని ఒసాకా ఎక్స్‌పోలో. చాలా ఏళ్లపాటు దాన్ని బతికించింది హీరోలు కాదు, సైన్స్ మ్యూజియాలు, బస్సుల్లో వచ్చే స్కూలు పిల్లలు. నలభై నిమిషాల నిడివి కూడా అందుకే, ఒక బ్యాచ్ పిల్లలు బయటికి వెళ్లగానే గంటకో ఆట చొప్పున ఇంకో బ్యాచ్‌ని కూర్చోబెట్టొచ్చు. ఇక రీలు సంగతి వింటే మీ అమ్మాయి ఎగిరి గంతేస్తుంది. మామూలు సినిమా రీలు కెమెరాలో పైనుంచి కిందికి నడిస్తే ఈ 65 మిల్లీమీటర్ల రీలు అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి 15 రంధ్రాల పొడవు పడుతుంది, సెకనుకి 24 ఫ్రేములు. లెక్క వేస్తే నిమిషానికి సుమారు 103 మీటర్లు. వెయ్యి అడుగుల రీలు ఎక్కిస్తే మూడు నిమిషాల్లో ఖాళీ!

ఇప్పుడు ఇటలీలో స్ట్రాంబోలీ అనే కొండ ఉంది, అది పది పదిహేను నిమిషాలకోసారి చిన్నగా నిప్పులు చిమ్ముతుంటుంది, అదీ గడియారం చూసుకుని కాదు, దాని ఇష్టం. మీ చేతిలో ఉన్నది మూడు నిమిషాల రీలు. బటన్ ఎప్పుడు నొక్కుతారు? ముందే నొక్కితే పేలుడు వచ్చేసరికి రీలు అయిపోతుంది. పేలుడు చూశాక నొక్కితే అసలైన మొదటి క్షణం పోతుంది. రీలు మారుద్దామంటే గాల్లో బూడిద. అది కట్టెల పొయ్యి బూడిద లాంటిది కాదండీ, గాజు, రాయి పొడి చేసి చల్లినట్టుంటుంది, లెన్సు మీద పడ్డాక గుడ్డతో తుడిస్తే గీతలే. ఇప్పుడు చాలావరకు డిజిటల్ కెమెరాలే కాబట్టి రీలు బాధ తప్పింది, బూడిద బాధ, ఎదురుచూపు అలాగే ఉన్నాయి. కొండ చిన్నగా వణుకుతోంది, వాయువుల వాసన మారింది, ఇక వస్తుంది అని పసిగట్టేవాడు పక్కన లేకపోతే ఎంత గొప్ప కెమెరామన్ అయినా అక్కడ కొత్తవాడే.

అందుకే ఈ రంగంలో నిలబడ్డవాళ్లలో చాలామంది రాయి తెలిసి కెమెరా నేర్చుకున్నవాళ్లు. ఫ్రాన్స్‌కి చెందిన కాత్యా, మోరిస్ క్రాఫ్ట్ దంపతులనే తీసుకోండి. ఆమె భూరసాయన శాస్త్రం, ఆయన భూగర్భ శాస్త్రం చదివారు. సినిమాలు తీసి, పుస్తకాలు రాసి, ఆ డబ్బుతోనే తర్వాతి కొండకి వెళ్లేవాళ్లు. 1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం పేలినప్పుడు మంచు కరిగి వచ్చిన బురద ప్రవాహం ఆర్మెరో అనే ఊరిని కప్పేసి ఇరవై వేలకు పైగా జనం పోయారు. హెచ్చరికలు ముందే ఉన్నాయి, కానీ ఆ ప్రమాదం ఎలా ఉంటుందో కళ్లారా చూడనివాళ్లకి మాటలతో ఎక్కదు. అది చూశాక మోరిస్ క్రాఫ్ట్ అధికారుల కోసం, మామూలు జనం కోసం ఒక వీడియో చేశాడు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో కొండ పేలబోయే ముందు దాన్ని అక్కడి అధికారులకి వేసి చూపించారు, ఊళ్లు ఖాళీ చేయించాలన్న నిర్ణయానికి అది బాగా పనికొచ్చింది. పినటూబో పెద్ద పేలుడు జూన్ 15న. దానికి పన్నెండు రోజుల ముందే, జూన్ 3న, జపాన్‌లోని ఉన్‌జెన్ కొండ దగ్గర, వేడి బూడిద, వాయువులు, రాళ్లు కలిసి దూసుకొచ్చిన ప్రవాహంలో ఆ దంపతులిద్దరూ చనిపోయారు. వాళ్లతో కలిపి మొత్తం 43 మంది. ఈ కథ మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. మీకూ వాళ్లమ్మకీ తెలియాలని చెప్తున్నాను, ఇందులో ప్రమాదం ఉంది, దాన్ని దాచి సలహా చెప్పలేను.

భూకంపాల కథ వేరు. కొండ దగ్గర కాపు కాయొచ్చు, భూకంపం కోసం కాపు కాయలేం, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కదా. మరి పెద్ద తెర మీద ఏం చూపిస్తారు? మనుషుల్ని, మ్యాపుల్ని, యానిమేషన్‌ని. 2004లో వచ్చిన ఒక పెద్ద తెర డాక్యుమెంటరీలో భూకంపాల భాగమంతా రాస్ స్టైన్ అనే శాస్త్రవేత్త టర్కీలో తిరుగుతూ చెప్పే కథే. అక్కడి ఉత్తర అనటోలియన్ భ్రంశం (భూమిలో పొడవాటి పగులు) మీద 1939 నుంచి 1999లో ఇజ్మిత్ వరకు పెద్ద భూకంపాలు ఎక్కువగా తూర్పు నుంచి పడమరకి ఒకదాని పక్కన ఒకటి జరుగుతూ వచ్చాయి, ఒక చోట భూమి తెగితే ఆ ఒత్తిడి పక్కకి చేరుతుంది, తర్వాత భయం ఇస్తాంబుల్ వైపు అన్నమాట. చూసే పిల్లాడికి ఇది అర్థం కావాలంటే ఎవరో ఒకరు ఆ ఒత్తిడి లెక్కల్ని బొమ్మగా మార్చాలి. ఇదీ ఒక ఉద్యోగమే, పైగా మన పిల్లలకి చాలా దగ్గరి ఉద్యోగం, ఎందుకంటే హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ స్టూడియోలకి కొదవ లేదు. కాకపోతే రాజుగారి కోటలు కట్టేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, సీస్మోగ్రాఫ్ (భూమి కదలికల్ని నమోదు చేసే యంత్రం) లెక్కలు చదివి బొమ్మ గీసేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు చదువు సంగతి. నా సలహా ఏమిటంటే డిగ్రీ భూమి గురించి చదివించండి, సినిమా పక్కన నేర్చుకోనివ్వండి. ఇదే తిరగేసి చేస్తే, అంటే ముందు ఏదో ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో లక్షలు పోసి చేరిస్తే ఏమవుతుందో నా దగ్గరకి వచ్చిన ఒకబ్బాయి విషయంలో చూశాను, రెండేళ్లు పెళ్లిళ్ల షూటింగుల్లో లైట్లు మోశాడు, ఇప్పుడు బీఎస్సీ మొదటి ఏడాదిలో తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చున్నాడు. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ లాంటి ప్రధాన కోర్సులకి ఎలాగూ డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. అలాంటప్పుడు ఆ డిగ్రీ ఏదో జియాలజీలోనో (భూగర్భ శాస్త్రం) జియోఫిజిక్స్‌లోనో (భూభౌతిక శాస్త్రం) చేస్తే పోయేదేముంది?

ఎంపీసీ కాబట్టి దారులన్నీ తెరిచే ఉన్నాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో భూ విజ్ఞానం కోర్సులు ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ కోసం కొట్టుకునేవాళ్లు వీటిని చూసి మొహం తిప్పుకుంటారు కాబట్టి ర్యాంకు కొంచెం వెనకున్నా సీటుకి ఆశ ఉంటుంది. తిరుపతి ఐసర్‌కి (సైన్స్ చదువుల కేంద్ర సంస్థ) వేరే ప్రవేశ పరీక్ష, మన రాష్ట్రంలోనే ఉంది, అడ్వాన్స్‌డ్ రాకపోతే నేను ముందు దాని పేరే చెప్తాను. అదీ కాకపోతే బీఎస్సీ చేసి ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో జియాలజీ, జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ. ఎమ్మెస్సీ చేతిలో ఉంటే యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేకి వెళ్లొచ్చు, ఓఎన్‌జీసీ లాంటి చమురు సంస్థలకి ప్రయత్నించొచ్చు, హైదరాబాద్‌లోనే భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉంది. తిండి పెడుతుందా అన్నారు కదా, పెట్టేది ఇది. పెద్ద తెర డాక్యుమెంటరీలు ప్రపంచం మొత్తం మీద ఏడాదికి వచ్చేవే కొన్ని, వాటి మీదే బతకాలంటే మాత్రం నేనే వద్దంటాను. అలాంటి సినిమాలు తీసేవాళ్లు కూడా మిగతా ఏడాదంతా టీవీకి, మ్యూజియాలకి, ప్లానెటేరియాలకి పనిచేస్తూ సర్దుకుంటారు.

ఎంసెట్ (పేరు మారినా మన నోట్లో అదే) రాయనంటోందా? రాయమనండి. రాయడం వేరు, చేరడం వేరు. ఆ మాట మీరు ముందే గట్టిగా ఇస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇంక ఒక్క పని. దీనికి డబ్బు అక్కర్లేదు, అమెరికా అక్కర్లేదు. మీరున్నది రాజమహేంద్రవరంలో కదా, గోదావరి అవతల గౌరీపట్నం వైపు నల్లరాయి క్వారీలు తెలిసే ఉంటాయి, మీ ఇంటి స్లాబులో కంకర అక్కడిదే అయినా ఆశ్చర్యం లేదు. ఆ రాయి లావా! సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పడమటి కనుమల వైపు పొంగిన లావా నదీ లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా, ప్రపంచంలో అతి పొడవైన లావా ప్రవాహాల్లో దీన్ని ఒకటిగా చెప్తారు. నేనొకసారి అక్కడ క్వారీ అంచున నిలబడి చూశాను. కింద నల్లటి రాయి, పైన నల్లటి రాయి, మధ్యలో పాతచీర అంచులా సున్నపురాయి పొర, అందులో ఆల్చిప్పల అచ్చులు. అంటే ఒకసారి లావా వచ్చి ఆగింది, దాని మీదకి నీళ్లొచ్చి ఆల్చిప్పలు బతికాయి, మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసింది. పక్కనే టిప్పర్ డ్రైవరు టీ తాగుతున్నాడు. అగ్నిపర్వతం గురించి నలభై నిమిషాల్లో చెప్పేదంతా ఆ గోడ మీదే కనిపించింది నాకు.

మీ అమ్మాయిని ఫోనూ ట్రైపాడూ తీసుకుని అక్కడికి వెళ్లమనండి. మూడే మూడు నిమిషాల సినిమా, అచ్చం ఆ పాత రీలంత. షరతు ఏమిటంటే ఒక్కో షాటు కనీసం ఇరవై సెకన్లు కదలకుండా ఉండాలి. అంత పెద్ద తెర మీద షాట్లు టకటకా మారిస్తే చూసేవాళ్లకి తల తిరుగుతుంది, అందుకే వాటిలో షాట్లు నిదానంగా నడుస్తాయి, ఇన్‌స్టా రీల్స్ అలవాటైన చేతికి ఇది చాలా కష్టం. క్రషర్ మోత విడిగా రికార్డు చేసుకోమనండి. ఇది అయ్యాక రెండోది భూకంపం మీద. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది గుర్తుందా, ఆ రోజు ఎవరేం చేస్తున్నారో అడగొచ్చు. 1969లో భద్రాచలం దగ్గర దానికంటే పెద్దదే వచ్చింది, మీ అమ్మగారి వయసువాళ్లలో ఎవరికైనా గుర్తుంటే కెమెరా పెట్టి వదిలేయమనండి, మధ్యలో ప్రశ్నలు వద్దు.

ఈ రెండూ పూర్తి చేస్తే నాకు పంపండి, అప్పుడు కెమెరా వైపా, సైన్స్ వైపా, యానిమేషన్ వైపా అన్నది కూర్చుని మాట్లాడుకుందాం. రెండు నెలలైనా మొదలే పెట్టకపోతే, తనకి నచ్చింది ఆ సినిమా చూడటం, తీయడం కాదు. అదేం తప్పు కాదు, హాయిగా ఇంజినీరింగ్ చదువుకుంటుంది. క్వారీకి మాత్రం ఒంటరిగా పంపకండి, మీరు వెంట వెళ్లండి. బ్లాస్టింగ్ ఎన్ని గంటలకో ముందు ఆఫీసులో కనుక్కుని, యజమానిని అడిగి, ఒక హెల్మెట్ తీసుకెళ్లండి.