మోటర్ షెడ్ పక్కన రేడియో పెట్టబోయే మా బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

పొలంలో ట్యాంకు మట్టం ఇంటికి పంపే రేడియో మోడెమ్ ఫైనలియర్ ప్రాజెక్టుగా చేస్తున్నావనీ, తప్పులు దిద్దే కోడింగూ, బిట్లని రేడియో తరంగం మీదికెక్కించే మాడ్యులేషనూ అన్నీ నువ్వే రాస్తానన్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అందరికీ చెప్పుకుని మురిసిపోయా, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఒక్కోసారికి ఒక్క బిట్టే పంపే బీపీఎస్‌కేతో మొదలెట్టు, ఒకేసారి ఆరు బిట్లు కుక్కే 64 క్వామ్ జోలికి పోకు, ట్యాంకు నిండిందో లేదో చెప్పడానికి మెగాబిట్లెందుకే. కోడ్ లేకుండా, బిట్ శక్తికీ నాయిస్‌కీ నిష్పత్తి (Eb/N0) 9.6 డీబీ దగ్గర లక్ష బిట్లకి ఒక తప్పు రావాలి, నీ సిమ్యులేషన్‌లో అది రాకపోతే అక్కడే ఆగు. ఒక్కో డేటా బిట్‌కి రెండు బిట్లు పంపే హాఫ్ రేట్ కోడ్ పెడితే, పంపే ఒక్కో బిట్‌కి శక్తి సగమే మిగుల్తుంది, ఆ 3 డీబీ తగ్గించడం మర్చిపోయి అబ్బో ఎంత గెయినో అని ఎగిరేవాళ్ళని చాలామందిని చూశా.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటిదే చేశా, సెకనుకి 1200 బిట్లు, అంటే 1200 బాడ్ ఎఫ్‌ఎస్‌కే (సున్నాకి ఒక ఫ్రీక్వెన్సీ, ఒకటికి ఇంకోటి), దాని మీద హామింగ్ 7,4, అంటే 4 డేటా బిట్లకి 3 చెక్ బిట్లు కలిపే తప్పులు దిద్దే కోడ్. ల్యాబ్‌లో వైట్ నాయిస్, అదే ఎప్పుడూ ఒకేలా ఉండే గరగర, పోసి రోజుల తరబడి టెస్ట్ చేశాం, బ్రహ్మాండంగా పనిచేసింది, నేనైతే కాలరెగరేసుకుని తిరిగా. ఫీల్డులో పెట్టిన వారానికే ఓ రాత్రి ఓల్టేజ్ పడిపోయి పక్క మోటర్ కాంటాక్టర్ (స్టార్టర్‌లోని స్విచ్చు) టకటకా కొట్టుకుంటా రవ్వలు చిమ్ముతోంది, ప్రతి రవ్వా రేడియోని 10 మిల్లీసెకన్లు చెడగొడుతుందనుకో, అంటే వరసగా 12 బిట్లు గల్లంతు. హామింగ్ దిద్దేది 7 బిట్లలో ఒక్కటే, రెండు తప్పులొస్తే చేతకాదని చెప్పదు, బాగున్న మూడోదాన్ని కూడా తిప్పేసి ఇదిగో సరిచేశా అంటుంది! ‘నిండింది’ అన్న మాట ‘సగం’ అని చేరింది, మెసేజ్ చెడిందో లేదో పట్టిచ్చే చెక్ అంకె, సీఆర్‌సీ, పెట్టలేదు కాబట్టి మేం నమ్మేశాం, మోటర్ ఆగలేదు. తెల్లారేసరికి కల్లంలో ఆరబోసిన మిరపకాయలన్నీ నీళ్ళలో. ఆ రైతు నన్నేం అనలేదు, తడికాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయాడు, తిట్టినా బాగుండేదే.

తప్పు హామింగ్‌ది కాదు. శని ఆదివారాలు రిలే కంప్యూటర్ తప్పు కనపడగానే పని ఆపేస్తోందని ఒళ్ళు మండి హామింగ్ అనే ఆయన పట్టుకున్న ఉపాయం అది, 1950లో అచ్చయింది. విడివిడి తప్పులకి మందు, గుంపుగా వచ్చేవాటికి పెట్టింది నేను.

నువ్వు తెలివైనదానివి, వాయేజర్ అంతరిక్ష నౌకలో వాడిన కన్వల్యూషనల్ కోడ్, దాన్ని విప్పే విటర్బీ పద్ధతి పెడతా పెదనాన్నా అంటావ్. పెట్టు తల్లీ, కానీ ఆకాశంలో రవ్వలు చిమ్మే స్టార్టర్లుండవు. దాని కింద ఇంటర్‌లీవర్, అంటే బిట్ల వరస కలిపేసి పంపేది, లేకపోతే అదీ రవ్వలకి తట్టుకోలేదు. మేం తర్వాత చేసింది అదే, 16 కోడ్‌వర్డ్లు అడ్డంగా రాసి నిలువుగా పంపాం, 12 బిట్ల దెబ్బ 12 వర్డ్లకి పంచుకుపోయి ఒక్కోదానికి ఒక్కటే తగిలింది. పైన సీఆర్‌సీ, అది తేడా కొడితే రీడింగ్ పారేసి మోటర్ ఆపెయ్యడం. నీ ప్రోగ్రామ్‌లో ఈ చివరి లైన్ లేకుండా పొలంలో పెట్టావో, నేనే వచ్చి పీకేస్తా.

టెస్ట్ అసలు మోటర్ పక్కనే, కరెంటు సరిగ్గా ఉండని రాత్రిపూటే చెయ్యి. మీ నాన్నని తోడు తీసుకెళ్ళు, చెప్పులేసుకో, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకోకు. వెళ్ళేముందు, తిరిగి ఇంటికొచ్చాకా నాకు ఫోన్ కొట్టు, ఎంత రాత్రైనా సరే.

మీ పెదనాన్న