రాత్రి డ్యూటీకి వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీకు మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, రోగులు పడిపోవడం గురించి నీకు చెప్పకుండా ఉండలేను.

రోగి చేరగానే, పడిపోయే ప్రమాదం ఎంతుందో అంకెల్లో లెక్కగట్టే మోర్స్ స్కేలు నింపుతావు. ఇదివరకు పడి ఉంటే 25, సెలైన్ గానీ, నరంలో పెట్టే సన్నని గొట్టం కాన్యులా గానీ ఉంటే 20, ఇలా కూడితే 45 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినవారిని చాలా ఆసుపత్రుల్లో ప్రమాదం ఎక్కువ ఉన్నవారిగా లెక్కిస్తారు. కానీ నిద్రమాత్రకు ఆ స్కేలులో అంకె లేదు. అది నువ్వే కనిపెట్టుకోవాలి. మందు మారినా, ఆపరేషన్ అయినా స్కోరు మళ్లీ వెయ్యి.

మా వార్డులో ఒక తాతగారికి ఫారం అంతా సరిగ్గానే నింపాను. మంచం రెయిల్స్ ఎత్తి ఉన్నాయి, బెల్ చేతికందేలా ఉంది. రాత్రి రెండున్నరకు మూత్రానికని లేచి, రెయిల్ దాటబోయి పడ్డారు. తుంటి విరిగింది. బెల్ ఎందుకు నొక్కలేదని అడిగితే, "కింద మా అమ్మాయి నిద్రపోతోంది, లేస్తుందని" అన్నారు. సాయంత్రం ఆరింటికి ఆయనకు లాసిక్స్, అదే మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు, ఇచ్చింది నేనే.

అందుకే, రౌండుకు వెళ్లినప్పుడు "ఏమైనా కావాలా?" అనకు. మొహమాటపడి వద్దంటారు. "మూత్రానికి వెళ్దామా తాతగారూ?" అని అడుగు. లేపేటప్పుడు కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టు, కళ్లు తిరగడం లేదన్నాకే నిలబెట్టు. బాత్రూంలో ఒంటరిగా వదలకు. తలుపు ఓరగా వేసి అక్కడే ఉండు. తికమకగా ఉన్నవారికి రెయిల్స్ అన్నీ ఎత్తితే మేలుకన్నా కీడే ఎక్కువ, ఎక్కి దాటుతారు. మంచం బాగా కిందికి దించు. బ్రేకులు, తడి నేల, జారే చెప్పులు ఎలాగూ చూస్తావు. రాత్రికి అటెండెంట్ మారితే ఆ కొత్త మనిషికి మళ్లీ మొదటినుంచి చెప్పు.

ఇంత చేసినా ఎవరైనా పడితే కంగారుగా లేపకు. స్పృహ, తల, నొప్పి ఎక్కడో చూడు, డాక్టరును పిలువు, రక్తం పలచబడే మందు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పు. తర్వాత జరిగింది జరిగినట్టు ఇన్సిడెంట్ రిపోర్టులో రాయి. ఆ రాత్రి నేను చేతులు వణుకుతూనే లాసిక్స్ వేళ కూడా రాశాను. అది చూశాకే మా డాక్టర్లు సాయంత్రం డోసును మధ్యాహ్నానికి మార్చారు.

మీ పెద్దమ్మ