గుడ్డుకి 14 రూపాయలు పెట్టొచ్చా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. భార్యాభర్తలిద్దరి జీతాలూ కలిపి నెలకి 68,000. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. నెలకి నాలుగు ట్రేలు, అంటే 120 గుడ్లు, ఆదివారం ఆదివారం కిలో చికెన్. ఆ మధ్య నూజివీడు వైపు పెళ్లికి వెళ్తూ దారిలో కోళ్ల ఫారం చూసిందట, అప్పటినుంచి ఫారం గుడ్డు కొట్టాలంటే చెయ్యి రావడం లేదంటోంది. వాళ్ల దగ్గర మామూలు గుడ్డు 6.50, పంజరం లేకుండా పెంచిన కోడి గుడ్డు 14. బాయిలర్ కిలో 260, నాటుకోడి 650. "అన్నీ మార్చేస్తే నెలకి 2,460 ఎక్కువవుతోంది, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే 5,000 సిప్ ఆపేసి మార్చుకోనా? అత్తయ్యగారేమో పెరట్లో తిరిగే కోళ్లకి ఇంత డబ్బా అంటున్నారు" అని అడిగింది.

సిప్ ఆపొద్దమ్మా, దాని జోలికే వెళ్లక్కర్లేదు. మీ ఉత్తరం చివర్లో ఒక్క లైన్లో రాసి వదిలేశారు చూడండి, క్రెడిట్ కార్డు మీద 18,000 ఉంది, మినిమం కడుతున్నాం అని, అసలు సంగతి అక్కడుంది. నెలకి 3.5 శాతం వడ్డీ అన్నారు, అంటే 630, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 743 రూపాయలు. సేవింగ్స్ ఖాతాలో 55,000 ఊరికే పెట్టుకుని నెలనెలా ఈ డబ్బు బ్యాంకుకి ఇస్తున్నారు. రేపే వెళ్లి ఆ 18,000 మొత్తం కట్టేయండి. ఆ 743ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

ముందు కోళ్ల సంగతి, ఎందుకంటే డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ మేలో అది తెలియకుండా లెక్క వెయ్యలేం. ఒక క్లయింటు లోన్ పని మీద నేనూ ఒక గుడ్ల ఫారంలోకి వెళ్లాను. వరస మీద వరస తీగ పంజరాలు, పెట్టిన గుడ్డు దొర్లుకుంటూ ముందుకు రావడానికి అడుగు ఏటవాలుగా ఉంటుంది. ఒక్కో కోడికి వచ్చే చోటు జిరాక్స్ తీసే ఏ4 కాగితం అంత కూడా ఉండదు, రెక్క విప్పడం కుదరదు. మా నాయనమ్మ కోళ్లు మధ్యాహ్నం పూట పొయ్యి బూడిద పోసిన చోట గుంట చేసుకుని పొర్లి, లేచి ఒళ్లంతా దులుపుకునేవి. ఆ ఫారంలో మెడ మీద ఈకలు రాలిపోయిన పెట్ట ఒకటి మట్టి లేదు, బూడిద లేదు, వట్టి తీగ మీదే అదే పొర్లాట పొర్లుతోంది. నాకు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు. యూరప్‌లో ఈ రకం పంజరాలు 2012 నుంచి బంద్. మన దగ్గర 2017లో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ కోళ్ల పెంపకం గురించే రాసింది, కానీ గుడ్లు ఇంకా ఎక్కువగా ఆ పంజరాల్లోంచే వస్తున్నాయి.

గుడ్లు పెట్టే కోడి ఏడాదికి పైగా అందులోనే ఉంటుంది. మాంసం కోసం పెంచే బాయిలర్ అలా కాదు, షెడ్డులో నేల మీద ఊకలో పెరుగుతుంది, ఆరు వారాలకే కోతకి వస్తుంది. దాని బాధ వేరు, ఒళ్లు తొందరగా పెరిగిపోయి కాళ్లు మొయ్యలేవు, పైగా ఇరుకు. అందుకే చికెన్ ప్యాకెట్ మీద 'పంజరం లేదు' అని ఉంటే దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి, మన దగ్గర బాయిలర్‌ని ఎటూ ఎక్కువగా నేల మీదే పెంచుతారు. 'హార్మోన్లు లేవు' అన్నా అంతే. గోధుమ రంగు పెంకు చూసి మోసపోకండి, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు దాణాని బట్టి వస్తుంది. ఒమేగా అనీ, మూలికల దాణా అనీ రాసేదంతా కోడి ఏం తిన్నదో చెబుతుంది, ఎక్కడ ఉన్నదో చెప్పదు.

కాబట్టి ముందు గుడ్లు మార్చండి. 120 బదులు 90 తీసుకోండి, పిల్లలకి రోజూ ఒక్కోటి పోగా పెద్దవాళ్లు ముగ్గురికీ కలిపి రోజుకొకటి మిగులుతుంది. 1,260 అవుతుంది, ఇప్పటికంటే 480 ఎక్కువ. చికెన్ నాలుగు ఆదివారాల నుంచి రెండుకి తగ్గించి ఆ రెండూ నాటుకోడే తెచ్చుకోండి, 1,300, అంటే 260 ఎక్కువ. మిగతా రెండు వారాలు గుత్తొంకాయో శనగల కూరో, పిల్లలు గొడవ చేస్తారు, రెండు నెలల్లో అలవాటవుతుంది. రెండూ కలిపి 740. కార్డు వడ్డీ 743 అన్నాను కదా, అది ఇక్కడికి మళ్లించడమే, ఇంటి ఖర్చులో ఇంకేదీ కదలక్కర్లేదు. కార్తీకమాసం మీ ఇంట్లో నీచు ముట్టరు కాబట్టి ఏడాదికి పదకొండు నెలలే, 8,140. నెలకి సర్దితే 678, మీ జీతాల్లో ఒక శాతం.

నాటు గుడ్డయితే 14 రూపాయలు మోసమేమో అనే అనుమానం కూడా వద్దు. ఫారం కోడి ఏడాదికి 300 గుడ్లు పెడితే పెరట్లో తిరిగే నాటు పెట్ట అందులో పావు వంతు పెట్టడమే ఎక్కువ. ఎవరైనా నాటు గుడ్లు ఎనిమిదికే, ఎన్ని కావాలంటే అన్ని, ఏడాది పొడుగునా ఇస్తానంటే మాత్రం కోళ్లు ఎక్కడున్నాయో చూపించమనండి. 'పంజరం లేని' అన్న మాటకి కూడా షెడ్డు లోపల నేల మీద తిరుగుతాయి అనే అర్థం, బయటికి వదులుతారా లేదా అన్నది విడిగా అడగాలి.

అత్తగారి మాట కొట్టిపారేయకండి, ఆవిడ కోళ్లని పెంచిన మనిషిలా ఉన్నారు. ఒక ఆదివారం పొద్దున్నే గుడ్లు అమ్మే ఆయన ఊరికి ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లండి. తురాయి ఎర్రగా ఉందా, ఈకలు నిగనిగలాడుతున్నాయా, రాత్రి ఎక్కడ మూస్తారు, ఎండకి నీడ ఉందా, ఇవన్నీ ఆవిడ ఒక్క చూపులో పట్టేస్తారు. ఆవిడ సరే అన్నాకే 90 గుడ్లకి మాట్లాడుకోండి.