చేరే ముందు అడగవలసిన ప్రశ్న

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీస్సులు. నీకు పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, వచ్చిందనీ, బెంగళూరులోనే పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నావనీ అన్నయ్య ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి సంతోషంతో పాటు గుబులు కూడా పట్టుకుంది. నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

దరఖాస్తుల సంగతి నీకు నేను చెప్పేదేమీ లేదు. ఆటోవాళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కీ, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌కూ, బళ్ళారి రోడ్డు మీది జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కూ విడివిడిగా పెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదని చెప్పు.

నా భయమంతా పరిశోధనను నడిపించే గైడును ఎంచుకోవడం గురించే. నేను చేరిన చోట మా గైడుగారు పెద్ద పేరున్నవారు. ఆయన దగ్గర చోటు దొరకడమే అదృష్టమనుకున్నాను తప్ప, ఆయన పదవీ విరమణకు ఎన్నేళ్ళున్నాయో అడగాలని తోచలేదు. చేరిన వారంలోనే ఒక సీనియర్ "కాఫీ తాగుదాం రా, నీతో మాట్లాడాలి" అని పిలిస్తే, పని ఉందని తప్పించుకున్నాను. మూడో ఏడు నిండకముందే గైడుగారు రిటైరయ్యారు, ల్యాబును మరొకరికి ఇచ్చారు. ఒక సోమవారం ఉదయం వెళ్ళేసరికి డీప్ ఫ్రీజరు వరండాలో ఉంది. నా శాంపిళ్ళు ఒక థర్మోకోల్ పెట్టెలో, కరిగిన మంచునీటిలో తేలుతున్నాయి. నా చేతిరాతతో ఉన్న చీటీలు ఊడి పెట్టె అడుగున అంటుకుపోయాయి. ఏ ట్యూబు ఏ మొక్కదో పోల్చుకోలేకపోయాను. అది పద్దెనిమిది నెలల పని. కొత్త గైడుకు నా విషయం మీద ఆసక్తి లేదు. మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేసేసరికి ఏడేళ్ళు పట్టింది, ఫెలోషిప్ మాత్రం ఐదేళ్ళకే ఆగిపోయింది. ఆ చివరి రెండేళ్ళు నా మెస్ బిల్లు కట్టింది మీ నాన్న. అప్పటికి తనే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. ఆ మాట నీకు ఎన్నడూ చెప్పి ఉండడు.

నీ ఫెలోషిప్ కూడా అంతే. మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత మూడేళ్ళు 42,000, అద్దె భత్యం వేరు. అన్నీ కలిపి ఐదేళ్ళే. అందుకని గైడు రిటైరయ్యే సంవత్సరం ముందుగా కనుక్కో. ఆ ల్యాబులో ఎవరు ఎన్నేళ్ళకు థీసిస్ ఇచ్చారో, మధ్యలో ఎందరు మానేశారో అక్కడి విద్యార్థులనే, గైడు లేనప్పుడు అడుగు. ఎవరైనా కాఫీకి పిలిస్తే ఎంత పనున్నా వెళ్ళు. చిన్నప్పుడు మా ఇంట్లో రెండో గారె అడగడానికే మొహమాటపడేదానివి. ఇక్కడ ఆ మొహమాటం పనికిరాదు తల్లీ.

పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన, అదే పోస్ట్‌డాక్, మాట ఇప్పుడే ఎందుకంటావేమో, ఆలస్యం దెబ్బ అక్కడా తగులుతుంది. నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్ళు, ఆడవాళ్ళకు ఐదేళ్ళ సడలింపు ఉంది. థీసిస్ ఇవ్వడానికి ఏడాది ముందే, పేపర్లు చదివి, ఒక్కొక్క ప్రొఫెసరుకూ విడిగా రాయాలి.

ఇంటర్వ్యూ తేదీ రాగానే ఫోన్ చెయ్యి. గుంటూరు బండి తెల్లవారకముందే వచ్చినా యశ్వంతపురం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. హాస్టలు దొరికేదాకా మల్లేశ్వరంలో మా ముందు గది నీదే.

ఇట్లు,
మీ అత్తయ్య