రెండో భాగానికి రాక్షసుడెందుకు?

విజయనగరం

అమ్మాయీ,

నీ కట్ట అందింది. మీ అన్నయ్య తయారు చేసిన ఫోను ఆటను యానిమేషన్ సినిమాగా ఊహించి రాయడమే కాక, దానికి రెండో భాగం కూడా రాసి పంపావు. సంభాషణలు బాగున్నాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. తుపానుకు ఎదురు నిలిచి గూళ్లను కాపాడిన నీ గూడబాతు (పెలికాన్) పిల్ల, మరుసటి ఏడు టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్టు మీద కూర్చుని, ఊరివాళ్లు కిందటేడులాగే చేపలు వేస్తారేమోనని ముక్కు కింది సంచి తెరుస్తుంది. ఎవరూ తలెత్తరు. ఒకాయన వచ్చి, రెట్ట పడని చోటు వెతుక్కుని సైకిలు నిలబెట్టి వెళ్లిపోతాడు. పిల్ల సంచి మూసుకుంటుంది. ఇంత రాసిన దానివి, పేజీ తిప్పగానే సముద్రంలోంచి తొమ్మిది తలల రాక్షసుణ్ణి లేపావు! ఒళ్లు మండింది నాకు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ ఎలా నేలకూల్చిందో చూసిన పిల్లవి, నీకు రాక్షసుడితో పనేమిటి?

ఎందుకు లేపావో తెలుసు. ఆటలో ఒక దశ దాటితే శత్రువు పెద్దవాడు కావాలి. ఆటలో అది న్యాయమే. ఆడేవాడి చెయ్యి తిరుగుతుంది, పనీ కష్టమవ్వాలి. సినిమా చూసే పిల్లవాడి చేతిలో ఏముంది? పాప్‌కార్న్ పొట్లం. తొమ్మిది తలలైనా తొంభై తలలైనా వాడికి అదే చప్పుడు.

నువ్వు ఆదర్శమని చెప్పిన యాంగ్రీ బర్డ్స్ రెండో సినిమానే తీసుకో. ఫిన్లాండ్ కంపెనీ రోవియో 2009లో ఆ ఆట తెచ్చినప్పుడు అందులో కథ గోరంత. పందులు గుడ్లు ఎత్తుకుపోతాయి, పక్షులు ఉండేలులో కూర్చుని వాటి కోటల మీద పడతాయి. 2016 నాటి మొదటి సినిమా ఆ గుడ్లను వెనక్కి తెప్పించి, ఎవరికీ పట్టని ఎర్ర పక్షి రెడ్‌ను వీరుణ్ణి చేసింది. 2019లో థురాప్ వాన్ ఓర్మన్ తీసిన రెండో భాగంలో నీకు గుర్తున్నవి జీటా అనే గద్ద మంచు దీవి నుంచి విసిరే గుండ్లు. అసలు మెలిక వేరే ఉంది. పందుల రాజు లియోనార్డ్ సంధి కోరతాడు. పందులు శత్రువులు కాకపోతే ఇక రెడ్‌తో ఎవరికి పని? మళ్లీ పాత రెడ్‌నైపోతానన్న గుబులు అతణ్ణి పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన సిల్వర్ అనే పక్షి తనకంటే తెలివైనదని ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పదు. ఘనత అందరిదీ అని తన నోటితో చెప్పాక గానీ ఆ గుబులు తీరదు. జీటా కోపానికీ వెనక ఒక గాయముంది. పక్షులు వీరుడని కొలిచే మైటీ ఈగిల్ ఆమెను పెళ్లిరోజున వదిలేసి పారిపోయాడు. ఆ గాయాన్ని ఒక క్షమాపణతో, పెళ్లితో చటుక్కున మాన్పేయడం మాత్రం నాకు నచ్చలేదు. పిల్లల సినిమా కదా అని సరిపెట్టుకోను.

విమర్శకులు మొదటిదానికంటే దీన్నే మెచ్చుకున్నారు. వసూళ్లు మాత్రం మొదటిదాంట్లో సగం కూడా రాలేదు. ఆ సంగతీ తెలిసే రాయి.

నా మొదటి పిల్లల సీరియల్లో మేకలు కాసే కుర్రాడు వరద రాత్రి చెరువు గట్టుకు గండి పడకుండా కాపాడతాడు. ఉత్తరాలు బాగా వచ్చాయి. సంపాదకుడు రెండో భాగం అడిగాడు. రాశాను. మరుసటి ఏడు వానల్లేవు. కుర్రాడు రోజూ రాత్రి గట్టెక్కి, నీరు ఊరుతుందేమోనని కాలి బొటనవేలితో మట్టి గుచ్చి చూస్తుంటాడు. ఒక రాత్రి, ఊరితే బాగుండునని కోరుకుంటాడు. తిప్పి పంపారు. వీరుడు అలా ఆలోచించకూడదట, పైగా నీతి కనబడలేదట. ఆ స్థలంలో ఎవరిచేతో కొండచిలువతో కుస్తీ కథ రాయించి వేసుకున్నారు. తమ్ముడు పుట్టి అమ్మ ఒడి పోగొట్టుకున్న మూడేళ్ల పిల్లకు ఆ కుర్రాడి బాధ తెలుసు. సంపాదకులకే తెలియదు. ఇప్పుడు వాళ్ల కుర్చీల్లోకి పోటీల నిర్వాహకులు వచ్చారు. ముగింపు ఆశాజనకంగా ఉండాలని నిబంధనల్లోనే అచ్చు వేస్తున్నారు! వీలు చూసుకుని శ్రీకాకుళం వెళ్లు. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయంలో కూర్చుని ఉత్త ముగింపులే చదువు. నీతి చెప్పకుండా తలుపు వేసుకున్న కథలు ఎన్ని దొరుకుతాయో నాకు రాయి.

అన్నట్టు, పక్షులన్నిటినీ సైబీరియా నుంచి రప్పించావు. ముక్కు మీద మచ్చలుండే ఆ గూడబాతు మన దక్షిణాసియా పక్షి. టెక్కలి పక్కనే ఉంటూ పేపరువాళ్లలా రాస్తే ఎలా?

హైదరాబాదు గురించి, పారితోషికం గురించి, కలంపేరు గురించి అడిగావు. కలంపేరు వద్దు. ఏడో పేజీ నుంచి చివరిదాకా చింపేసి, పిల్ల సంచి మూసుకున్న మర్నాడు ఏమైందో రాయి. ఆ ఏడు తుపాను రాదు. దాన్ని రప్పించాలని నీ చెయ్యి దురద పెడుతుంది, రానివ్వకు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, వెనక సిరా ఇటు ఊరి అక్షరాలు కలిసిపోతున్నాయి. స్పీడు పోస్టు కూడా వద్దు. సంతకం కోసమని పోస్టుమాన్ నన్ను మధ్యాహ్నం నిద్రలోంచి లేపుతున్నాడు.

ఆశీస్సులతో,
మాస్టారు