అరచేతుల జబ్బుకు 16 మార్కులా?

ప్రశ్న: మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. రెండు అరచేతుల్లో సొరియాసిస్, ఒంటిమీద ఇంకెక్కడా లేదు. డాక్టరుగారు పది ప్రశ్నల కాగితం నింపించి, 16 వచ్చింది, మందు మార్చాలన్నారు. ఇంత చిన్నదానికి అంత మార్కేమిటి? మా అమ్మాయి చదివి టిక్కులు పెట్టింది, తప్పు పెట్టిందేమో!
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వేళ్లతో కలిపి అరచేయి అంటే ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. రెండూ కలిపితే 2. వైశాల్యం చూస్తే చిన్న జబ్బే. కానీ డీఎల్‌క్యూఐ (డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్) అనే ఆ కాగితం మచ్చ ఎంతుందని అడగదు. గడిచిన వారంలో అది మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టిందని అడుగుతుంది. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే చర్మవైద్యులు దీన్ని తయారుచేశారు.

ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 30. పగిలిన చేతికి మిరప ఘాటు తగిలి భగ్గుమంటే 3. పనికే పోలేకపోతే ఇంకో 3. ఆయింట్‌మెంట్ రాసుకుని అంట్లు ముట్టుకోలేకపోతే దానికీ మార్కుంది. 11 నుంచి 20 అంటే బతుకు మీద చాలా ప్రభావం ఉన్నట్టు. మీ 16లో వింతేమీ లేదు.

అమ్మాయి టిక్కులు పెట్టడమే ఇబ్బంది. తొమ్మిదో ప్రశ్న దాంపత్యం గురించి. కూతురి ముందు ఏ తల్లి నిజం చెబుతుంది? చదవడం కష్టమైతే నర్సును పక్కకు పిలిచి చదివించుకోండి. ఒక ప్రశ్న వదిలేస్తే దానికి సున్నా వేస్తారు. రెండు వదిలేస్తే లెక్కే కట్టరు.

అసలు మోసమంతా ‘వర్తించదు’ అనే గడిలో ఉంది. దానికీ సున్నానే. చేతులు చూసి జనం ఏమనుకుంటారోనని పెళ్లిళ్లకు వెళ్లడం మానేసినవాళ్లు అక్కడ టిక్కు పెడతారు. జబ్బు వల్ల మానేస్తే అది ‘చాలా ఎక్కువ’ (అంటే 3 మార్కులు) కిందికి రావాలి. ఆటల ప్రశ్నకు మాత్రం, ఎప్పుడూ ఆడనివాళ్లు ‘వర్తించదు’ అంటే తప్పులేదు.

కొత్త మందు వాడాక మళ్లీ నింపిస్తారు. కనీసం 4 మార్కులు తగ్గితేనే గుణం కనిపించినట్టు. 16 కాస్తా 14 అయితే సంబరపడొద్దు. ఇంకోటి, మిర్చి యార్డుకు సెలవులిచ్చిన వారంలో నింపితే ఘాటు తగలదు, పని పోదు, మార్కు దానంతటదే పడిపోతుంది. అది మందు గొప్పే అనుకుంటారు. అందుకే ఆ వారం ఎన్ని రోజులు పనికెళ్లారో కాగితం మూలన రాసివ్వండి.